కొత్త చేపలు దాక్కుంటాయి

డిసెంబరు 27, శనివారం

ఈ రోజు శ్రీరమ్య వచ్చింది. వచ్చింది అని రాయడమే గానీ నేనే వెళ్ళి తీసుకొచ్చాను. తొమ్మిదింటికి చింతలపూడిలో వాళ్ళమ్మ ఇంటి ముందు కారెక్కించుకున్నాను, సాయంత్రం ఆరింటికి మళ్ళీ అక్కడే దింపాను. కోర్టువారు నాకు నెలకు రెండు శనివారాలు ఇచ్చారు, రెండోదీ నాలుగోదీ. వేసవి సెలవుల్లో పది రోజులు కూడా నా దగ్గర ఉంచుకోవచ్చట, అయితే పిల్ల ఇష్టపడితేనే. తొమ్మిదేళ్ళ పిల్ల ఇష్టపడాలి. అప్పుడే నాకు వేసవి.

నిన్న రోజంతా ఇల్లు కడిగాను. కర్టెన్లు ఉతికించాను, ఫ్యాను రెక్కలు తుడిచాను, స్విచ్ బోర్డుల మీద మరకలు కూడా గీకి తీశాను. తను మాత్రం బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు సోఫా అంచున కూర్చుంది. టీవీ వద్దంది. ఐస్‌క్రీమ్ వద్దంది. "టైమెంతయింది నాన్నా?" అని నాలుగుసార్లు అడిగింది.

మధ్యాహ్నం భోజనానికి హోటల్‌కి తీసుకెళ్ళాను. అక్కడ బిల్లు కట్టే బల్ల పక్కన చేపల తొట్టె ఉంది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. నలభై నిమిషాలు అక్కడే నిలబడింది. అన్నం చల్లారిపోయింది, సర్వరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు.

"అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి నాన్నా! ఎవరు చెప్తారు వాటికి?"

ఈ పది నెలల్లో నా కూతురు నన్ను టైమెంత అని కాకుండా వేరే ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. చల్లారిన అన్నం వదిలేసి నేనూ వెళ్ళి తన పక్కన నిలబడ్డాను.

డిసెంబరు 28, ఆదివారం

హనుమాన్ జంక్షన్‌లో జోజిబాబు అనే ఆయనకు చేపల షాపు ఉంది. మూడడుగుల తొట్టె, ఫిల్టరు, లైటు, గులకరాళ్ళు, నాలుగు ప్లాస్టిక్ మొక్కలు తీసుకున్నాను. నిన్న హోటల్లో చూసిన రకమే, నీలం గీత, ఎర్ర తోక ఉన్నవి చూపించి పది ఇవ్వమన్నాను. నియాన్ టెట్రాలట.

"తొట్టె ఇవాళ తీసుకెళ్ళండి సార్. నీళ్ళు పోసి మూడు వారాలు ఫిల్టరు ఊరికే తిరగనివ్వండి. అప్పుడు రండి, చేపలిస్తాను" అన్నాడు.

"పదో తారీఖున మా పాప వస్తుందండీ. అప్పటికి ఉండాలి."

"నీళ్ళు కుదురుకోవాలి కదండీ."

"ఏం వేస్తే కుదురుకుంటాయో చెప్పండి, వేసేస్తాను."

ఆయన నవ్వాడు. "వేస్తే కుదిరేది కాదండీ. టైము పడుతుంది, అంతే."

పురుగుమందుల షాపు వాడితో అనాల్సిన మాటేనా అది! నూజివీడులో ఇరవై ఏళ్ళుగా ఏ పురుగుకు ఏ మందు, లీటరుకు ఎన్ని మిల్లీలు అని మామిడి రైతులకు చెప్పి బతుకుతున్నవాణ్ణి. పట్టుబట్టాను, ఇచ్చాడు. ఇస్తూ, "ఇవి గుంపు చేపలండీ. పక్కన తమలాంటివి ఉంటేనే తింటాయి, తిరుగుతాయి. ఆరుకి తగ్గనివ్వకండి" అన్నాడు.

డిసెంబరు 29

దాక్కున్నాయి. పదీ మొక్కల వెనక మూలలో, నేలకు ఆనుకుని. మేత వేస్తే ఒక్కటీ కదల్లేదు.

డిసెంబరు 30

నీలం గీత వెలిసిపోయింది. ఎరుపు కూడా లేదు. డబ్బు పోస్తే రంగు కారిపోయే చీర అంటగట్టాడా అని జోజిబాబుకు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. కోప్పడలేదు. "కొత్తవి అలాగే ఉంటాయండీ. కొత్త నీళ్ళు, కొత్త చోటు, భయం. ఆ భయానికే రంగు పోతుంది. లైటు ఆపేయండి. అద్దం కొట్టకండి. మీరు ఎదురుగా కూర్చోకండి. వారం ఆగితే వాటంతటవే ముందుకొస్తాయి" అన్నాడు.

లైటు ఆపాను. వంటింట్లో కూర్చుని భోంచేశాను.

జనవరి 4, ఆదివారం

ఆయన చెప్పినట్టే జరిగింది. ఉదయం లేచి చూస్తే పదీ ముందుకొచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడకి కలిసి తిరుగుతున్నాయి. రంగు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాను. వీడియో తీసి వాళ్ళమ్మ రాగిణి ఫోనుకు పంపాను. గంటకి వాయిస్ మెసేజ్‌లో రమ్య గొంతు వచ్చింది.

"పది ఉన్నాయి నాన్నా! నేను లెక్కపెట్టాను. శనివారం నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు!"

ఎవరికిస్తానే పిచ్చితల్లీ.

జనవరి 8, గురువారం

ఎల్లుండే రమ్య వచ్చేది. తొట్టెలో అడుగున కాస్త మురికి చేరింది, అద్దం మీద జిగురు. పిల్ల చూసేటప్పటికి అలా ఉండకూడదు. చేపల్ని గిన్నెలో పెట్టి, నీళ్ళన్నీ తీసేసి, తొట్టె తోమి, రాళ్ళు తోమి, కొత్త నీళ్ళు పోశాను. కింద షాపులో ఉన్న నీలం బకెట్టుతో ముప్పైసార్లు మేడ మెట్లు ఎక్కి మోశాను. నడుం విరిగింది గానీ, ఇప్పుడు అందులో నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉంది.

జనవరి 9, శుక్రవారం

పదీ పోయాయి.

అదే రోజు, సాయంత్రం

ఏడుస్తూ కూర్చుంటే కుదరదని షాపుకు తాళం వేసి జంక్షన్‌కి వెళ్ళాను. పది తెచ్చాను. అదే రకం, అదే సైజు. తిరిగొచ్చి షాపు తెరిచాక నీలం బకెట్టు ఎవరో రైతు వాడుతుంటే, పాత నీళ్ళు తీసేసి వంటింటి బిందెలతో కొత్తవి పోశాను. ఒకదానికీ ఇంకోదానికీ తేడా వాటి తల్లికి కూడా తెలియదు.

రమ్యకు చెప్పనక్కర్లేదు. లెక్కపెట్టుకుంటే పది ఉంటాయి. చెప్పి ఏం సాధించాలి? వచ్చేదే తొమ్మిది గంటలు, అందులో పిల్లను ఏడిపించడం దేనికి?

జనవరి 10, శనివారం

కారు దిగీ దిగగానే మెట్ల మీద పరుగెత్తింది. బ్యాగు కారులోనే మరిచిపోయింది. బ్యాగు మరిచిపోయిందని ఎంత సంతోషించానో!

పదీ మూలలో ఉన్నాయి, రంగు లేకుండా. నిన్న వచ్చినవి మరి ఎలా ఉంటాయి? తను అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"వీడియోలో ఇలా లేవు కదా నాన్నా. నన్ను చూసి దాక్కున్నాయా?"

అవి కొత్తవి అని చెప్పలేను. ఏదో ఒకటి చెప్పాలి. "నువ్వు కొత్త కదమ్మా వాటికి. నాలుగుసార్లు వస్తే అలవాటైపోతావు" అన్నాను.

తెలివిగానే చెప్పాననిపించింది. తను తలూపి రెండడుగులు వెనక్కి వెళ్ళి కూర్చుంది.

జనవరి 12, సోమవారం

పూత సీజను. షాపులో ఊపిరాడటం లేదు. రెడ్డిగూడెం నుంచి యలమంద ఒక పూత కొమ్మ విరుచుకుని వచ్చి గల్లా మీద పెట్టాడు. జిగట, నల్ల మసి. తేనెమంచు పురుగు పట్టింది. మందిచ్చాను.

"పోయిన వారం మీరు మందు కలిపి చూపించారే, ఆ నీలం బకెట్టు ఓసారి ఇప్పించండి. నాది చిల్లి పడింది" అన్నాడు.

నీలం బకెట్టు. గురువారం నేను మేడ మీదికి ముప్పైసార్లు మోసింది దానితోనే. ఆ మందు డబ్బా మీద చేపలకు అత్యంత విషం అని రాసి ఉంటుంది. చెరువుల దగ్గర కొట్టొద్దు, మందు బకెట్టు వేరే పనికి వాడొద్దు అని ప్రతి రైతుకూ చెప్పి పంపేవాణ్ణి నేనే. వాడే ముందు కడిగాను. మూడుసార్లు కడిగాను.

యలమందకి ఆ బకెట్టు ఇచ్చేసి ఇక ఉంచుకోమన్నాను. ఈసారి కొత్త బకెట్టు, కొత్త గుడ్డ. ఇంకా శుభ్రంగా చేయాలి.

జనవరి 18

మళ్ళీ రంగు వచ్చింది. వీడియో పంపాను. "బాగున్నాయి" అని మాత్రం వచ్చింది.

జనవరి 22, గురువారం

కొత్త బకెట్టుతో అంతా కడిగాను. ఫిల్టరులో స్పాంజి బురద ముద్దలా ఉంది, పంపు కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండాను. ఇంత శుభ్రంగా జోజిబాబు షాపులో కూడా ఉండదు.

జనవరి 23, శుక్రవారం

ఏడు పోయాయి. ఎందుకో అర్థం కావడం లేదు. రోగమున్నవి ఇచ్చి ఉంటాడు.

జంక్షన్‌కి వెళ్ళి ఏడు తెచ్చాను. "మళ్ళీ ఏంటి సార్? పాతవి బాగున్నాయా?" అని జోజిబాబు అడిగాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇవి మా ఫ్రెండుకి" అన్నాను. నోటికి ఎంత సులువుగా వచ్చేసింది!

జనవరి 24, శనివారం

మెట్లెక్కే ముందు రమ్య కింద కూర్చుని కాళ్ళ పట్టీలు తీసి బ్యాగులో పెట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "చప్పుడవుతుంది కదా" అంది.

మునివేళ్ళ మీద నడిచి వచ్చి, తొట్టెకు దూరంగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. గుసగుసగా మాట్లాడింది. నేను కాస్త గట్టిగా మాట్లాడితే పెదవి మీద వేలు పెట్టింది. అయినా ఒక్కటీ ముందుకు రాలేదు. "ఇది రెండోసారి. ఇంకా రెండుసార్లు" అంది తనలో తను.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆ మొహం చూడలేక, "వేసవిలో అమ్మ కూడా వస్తుంది, ముగ్గురం కలిసి పెద్ద తొట్టె కొందాం" అన్నాను. రాగిణి అలా అనలేదు. కానీ వస్తుంది. మనిషి మెత్తబడుతోంది, మొన్న ఫోనులో నా షుగర్ గురించి అడిగింది.

ఫిబ్రవరి 2

పోయిన వారం వీడియోకి ఇవాళ బదులొచ్చింది. "నేను లేనప్పుడు ఎంత బాగా ఆడుకుంటున్నాయో నాన్నా!"

పదిసార్లు విన్నాను. ఆ 'నాన్నా' అనడంలో ఎంత ముద్దు!

ఫిబ్రవరి 13, శుక్రవారం

నాలుగే పోయాయి. నయమే. నాలుగు తెచ్చాను.

ఫిబ్రవరి 14, శనివారం

హాల్లోకి రాలేదు. వంటింటి గుమ్మం పక్కన నిలబడి, కర్టెను సందులోంచి చూసింది. అన్నం కూడా అక్కడే పీట మీద కూర్చుని తింది. మామిడికాయ పప్పు చేశాను, ఇంకా టెంక కట్టని లేత కాయలు యలమంద తెచ్చిచ్చాడు. రెండోసారి వేసుకోలేదు.

పాతవి ఆరు, కొత్తవి నాలుగు. నిన్న మొన్న నీళ్ళన్నీ మార్చానేమో, పాతవి కూడా పాలిపోయి మూలలో చేరాయి.

"నాన్నా, లైటు ఆపేస్తే నేనున్నట్టు వాటికి తెలీదు కదా?"

ఆపాను. ఇద్దరం చీకటి హాల్లోకి చూస్తూ వంటింట్లో నిలబడ్డాం. మధ్యాహ్నం రెండు గంటలు.

ఫిబ్రవరి 20

రాగిణి నాన్నగారు వెంకటాచలపతిగారు పోయి రెండేళ్ళు. ఇది ఎప్పుడూ రాయలేదు. ఒకసారి రాసుకుంటాను.

ఆ రోజు రాగిణికి ఉద్యోగ పరీక్ష. మూడేళ్ళు చదివింది. పొద్దున్నే ఆరింటికి తన తమ్ముడు ఫోన్ చేశాడు, నాన్నకి సీరియస్‌గా ఉంది, అక్కని వెంటనే తీసుకురమ్మన్నాడు. ఫోను నా చేతిలో ఉంది. తను జడ వేసుకుంటోంది. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాను. పరీక్ష హాలు దగ్గర దింపి నవ్వుతూ చెయ్యి ఊపాను. పన్నెండింటికి బయటికొచ్చాక, ఇప్పుడే ఫోనొచ్చిందని చెప్పాను. ఆయన పదకొండింటికే పోయారు.

ఆ ఉద్యోగం వచ్చింది. ఇవాళ చింతలపూడిలో ఆ జీతం మీదే ఉంటోంది. ఏడాది తర్వాత సంవత్సరీకం రోజు తమ్ముడు మాటల్లో, ఆరింటికే చేశాను కదా అన్నాడు. ఆ వారంలోనే పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

తన మంచికే చేశాను. ఇప్పటికీ అదే అంటాను. పరీక్ష వదులుకుని పరుగెత్తి ఉంటే తర్వాత నన్నే అనేది.

ఫిబ్రవరి 26, గురువారం

కడిగాను. నాలుగోసారి వస్తోంది. ఈసారి ఒక్క మరక ఉండకూడదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

తొమ్మిది పోయాయి. ఒకే ఒక్కటి మిగిలింది. మొక్క కింద నిలబడి ఉంది, ఈదడం లేదు.

షాపులో జోజిబాబు వల చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "సార్, తప్పుగా అనుకోకండి. రెండు వారాలకోసారి వస్తున్నారు. మీ ఫ్రెండు వేయించుకు తింటున్నాడా?"

నవ్వుదామని చూశాను. రాలేదు. మొత్తం చెప్పేశాను, బకెట్టు దగ్గర్నుంచి స్పాంజి దాకా. చెప్తుంటే ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"అయ్యో, మొదటిసారే అడగొచ్చు కదండీ! ఆ స్పాంజిలో బురదే కదా వాటి ప్రాణం. అందులో కంటికి కనపడని పురుగులుంటాయి. చేపల మలంలో విషాన్ని అవే తినేస్తాయి. అవి పెరగడానికే మూడు వారాలు ఆగమన్నాను. మీరు పంపు కింద పిండి వాటిని చంపేస్తున్నారు. మరుసటి రోజుకి విషం నిండుతుంది, చేపలు పోతాయి."

"శుభ్రం చేయకూడదా?"

"ఇంత శుభ్రం పనికిరాదండీ. ఓ పావు వంతు నీళ్ళు మార్చుకోండి. స్పాంజి జోలికెళ్ళకండి. వదిలేయండి వాటిని."

తన కూతురు వస్తోందంటే ఇల్లు కడుక్కునేవాడిది తప్పా? కానీ ఆయన చెప్పింది నిజం. ఇరవై ఏళ్ళుగా పురుగుల్ని చంపడమే నా పని, ఇక్కడా అదే చేశాను. తను రావడానికి ముందు రోజే ప్రతిసారీ చంపాను.

తొమ్మిది తెచ్చి వదిలాను. ఇంకేం చేయను? రేపు పొద్దున్నే వస్తోంది.

ఫిబ్రవరి 28, శనివారం

ఇవాళ జరిగింది రాయాలి.

వచ్చింది. గుమ్మంలోంచి ఒక్కసారి చూసింది. అన్నీ మూలలో ఉన్నాయి. రోజంతా వంటింట్లో కూర్చుని హోంవర్క్ చేసుకుంది. నేను అడిగినవాటికి బదులు చెప్పింది. టైమెంతని ఒక్కసారి కూడా అడగలేదు, అదింకా భయపెట్టింది.

తిరిగి వెళ్తుంటే చాట్రాయి దాటాక, తోటల మధ్య, అద్దంలోంచి బయటికి చూస్తూ అంది.

"నాన్నా, వేసవిలో పది రోజులు వద్దులే."

"ఎందుకమ్మా?"

"ఒక్క రోజు వస్తేనే అవి అంత భయపడుతున్నాయి. పది రోజులుంటే తిండి తినక చచ్చిపోతాయి."

"అలాంటిదేం లేదు."

"ఉంది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేను వచ్చిన రోజు రంగు పోతుంది. నేను వెళ్ళిన వారానికి మళ్ళీ వస్తుంది. ప్రతిసారీ అంతే." వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నాలుగుసార్లు వస్తే అలవాటవుతానన్నావు. నాలుగూ అయిపోయాయి. ఇంకా కొత్తేనా నాన్నా నేను?"

కారు పక్కకు ఆపాను. చెప్పాలనే ఆపాను, దేవుడి తోడు. మాట గొంతు దాకా వచ్చింది. చెబితే, ఇన్నాళ్ళూ నాన్న అబద్ధం చెప్పాడని తెలుస్తుంది. వాళ్ళమ్మ వెళ్ళిపోయినట్టే తనూ వెళ్ళిపోతుంది.

"నీళ్ళు తాగుతావా?" అన్నాను.

"వద్దు నాన్నా" అంది.

మార్చి 1, ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి రమ్యకు ఇమ్మన్నాను. మొత్తం చెప్పాను. కూర్చుని కాదు, హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ చెప్పాను.

"అవి నిన్ను చూసి భయపడలేదమ్మా. ప్రతిసారీ అవి వేరే చేపలు. నువ్వు వచ్చే ముందు నేను తొట్టె కడిగి వాటిని చంపేశాను. నీకు తెలియకూడదని కొత్తవి తెచ్చి పెట్టాను. కొత్తగా కొన్న చేపలు ఎవరింట్లోనైనా అలాగే దాక్కుంటాయి. కొత్తది నువ్వు కాదు, అవి."

అవతల నోట్‌బుక్ పేజీలు తిప్పిన చప్పుడైంది.

"ఎన్ని చచ్చిపోయాయి?"

"ముప్పై."

"ముప్పై చచ్చిపోతే నాకు చెప్పకుండా ఉంటావా నువ్వు?"

"ఉన్నానమ్మా. తప్పు చేశాను."

"నేను ఫీలవకూడదని చెప్తున్నావు కదూ?" గొంతు మెత్తగా ఉంది, పెద్దవాళ్ళు చిన్నపిల్లలతో మాట్లాడినట్టు. "వేసవిలో అమ్మ కూడా వస్తుందని చెప్పావు చూడు, అలాగే. పర్లేదు నాన్నా. నాకేం కోపం లేదు. వాటికి మేత టైముకి వెయ్యి."

కోపం వచ్చి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

రాగిణి ఫోను తీసుకుంది. "ఏం చెప్పారు దానికి? ఎందుకలా అయిపోయింది?"

తనకీ చెప్పాను. విన్నది. అడ్డు రాలేదు.

"నేను నమ్ముతానండీ. అచ్చం మీరు చేసే పనే ఇది" అంది. "చావు సంగతి దాచిపెట్టడం మీకు కొత్తేం కాదుగా."

ఫోను పెట్టేసింది. ఈ డైరీ తెరిచాను. తన మంచికే అని మొన్న రాశాను ఇక్కడే, పై పేజీలో. పరీక్ష కోసం కాదు. ఆ రోజు తన మొహం చూసి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అంతే. అది తప్పు రాగిణీ. నాన్నని చూసుకోనివ్వలేదు నిన్ను.

మార్చి 3

రాగిణి మెసేజ్ పెట్టింది. "నిజమేనని నేనూ చెప్పాను. 'నాన్న చెప్పమన్నాడా?' అని అడిగింది. ఇక నేనేం చెప్పను?"

మార్చి 14, శనివారం

రానంది. వెళ్ళలేదు.

మార్చి 16, సోమవారం

లాయరు లక్ష్మీనరసింహారావుగారు పిలిపించారు.

"ఆర్డరు మన చేతిలో ఉంది దత్తాత్రేయగారూ. పిల్లని పంపడం లేదని పిటిషను వేద్దాం. తల్లి నూరిపోసి రానివ్వడం లేదని రాద్దాం. వేసవి లోపల తేల్చేస్తాను."

"నూరిపోసింది తల్లి కాదండీ. నేను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. చేపల సంగతి చెప్తే నవ్వారు, తర్వాత నా మొహం చూసి ఆపేశారు. కాగితం ముందుకు తోసి సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. పోలీసును వెంటబెట్టుకుని వచ్చే పిల్ల నా ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది?

"తర్వాత బాధపడతారు" అన్నారు.

"ఇప్పుడే పడుతున్నానండీ" అని వచ్చేశాను.

మార్చి 28, శనివారం

ఫోన్ చేశాను. ఇప్పుడు అన్నీ బాగున్నాయి, నెల రోజుల నుంచి ఒక్కటి కూడా పోలేదు, ఒక్కసారి వచ్చి నీ కళ్ళతో చూడమ్మా, నిన్ను చూసి దాక్కోవు అని బతిమాలాను. నిజంగా బతిమాలాను, కూతుర్ని.

"బాగున్నాయి కదా నాన్నా. మళ్ళీ నేనొచ్చి ఎందుకు భయపెట్టడం?"

ఏప్రిల్ 2

యలమంద మొదటి కోత కోశాడట, రెండు రసాలు తెచ్చి గల్లా మీద పెట్టాడు. "పాపకి పెట్టండి" అన్నాడు. తీసుకున్నాను. రాదని చెప్పలేకపోయాను. మళ్ళీ అదే చేశాను అని మేడెక్కాక తోచింది. కిందికి దిగి వెళ్ళాను, బస్టాండు దగ్గర పట్టుకున్నాను. "పాప రావడం లేదు యలమందా. ఇక వస్తుందో రాదో కూడా తెలీదు" అన్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.

ఏప్రిల్ 11, శనివారం

రెండో శనివారం. సెలవులు దగ్గరికొస్తున్నాయి. పది రోజులకు రాదు. ఈ మాట ఎప్పుడో తెలుసు, ఇవాళ రాశాను.

షాపు తెరవలేదు. పొద్దుటి నుంచి తొట్టె ఎదురుగా కూర్చున్నాను. అద్దం మీద పచ్చగా నాచు పట్టింది. నీళ్ళు కాస్త టీ రంగుకు తిరిగాయి. అడుగున మురికి ఉంది. ఆరు వారాలుగా నేను స్పాంజి ముట్టుకోలేదు. ఎవరు వస్తున్నారని కడగాలి?

పదీ ఉన్నాయి. నేను ఎదురుగా ఉన్నా దాక్కోవడం లేదు. వేలు అద్దం దగ్గర పెడితే అక్కడికే వస్తున్నాయి. నాలుగింటికి కిటికీలోంచి ఎండ పడితే, పదీ ఒక్కసారే తిరిగాయి, మళ్ళీ ఒక్కసారే ఇటు తిరిగాయి. ఇంత రంగు నేను ఇంతకుముందు చూడలేదు. ఆ హోటల్లో కూడా ఇలా లేవు.

వీడియో తీశాను. రమ్యకు పంపుదామని నంబరు నొక్కి ఆగిపోయాను. ఇది చూస్తే ఏమనుకుంటుంది? నేను వెళ్ళడం మానేశాకే అవి ఇంత హాయిగా ఉన్నాయి అనుకుంటుంది.

అది కాదమ్మా అని రాయబోయాను. రాయలేకపోయాను. తను రావడం లేదు కనుకే నేను కడగలేదు. కడగలేదు కనుకే ఇవి బతికాయి. నా కూతురు నోట్‌బుక్‌లో రాసుకున్నది నిజమే.

వీడియో పంపలేదు.